పైదే

ఉదయగిరి తాలూకాఫీసు గోడవార
నాదొక మడత బల్ల, ఒక నల్ల గొడుగు, నాలుగు కార్బన్ కాగితాలు.
పాసుబుక్కులో తప్పుపడిన పేర్లు,
తెగిపోయిన పింఛన్లు, గట్టు తగాదాలు
అరవై రూపాయలకొకటి రాస్తా.
నీడ ఎటు జరిగితే బల్ల అటు జరుగుతాది.

ఆ పొద్దు మలకొండమ్మ వొచ్చింది
నల్లబండపాలెం నించి, రెండు చేతుల్తో ఒక కర్ర పట్టుకోని.
మెడ తిరగదామెకు.
మనిషంతా తిరిగితేనే నన్ను చూడగలదు.
"మా బోరు నీళ్ళలో ఎంతుండాదో అడుగబ్బయా."
ఏది ఎంతో చెప్పలా.
చెప్పే పని లేకపోయింది.

ఒక్క మాట.
దాన్ని నేను పేజీన్నర చేశా.
సమాచార హక్కు చట్టము, సెక్షన్ ఆరు, సబ్ సెక్షన్ ఒకటి మేరకు
తమరి కార్యాలయమునందు లభ్యమగు సదరు రికార్డుల...
చదివి వినిపిస్తే
"ఇందులో నీళ్ళనే మాట యాడుండాది?" అనింది.
ఆరో వరసలో చూపించా.
వేలు పెట్టి తడిమింది, తడి తగులుద్దేమోనన్నట్టు.

తెల్లకార్డుకు రుసుం లేదన్నా వినలా.
"ఊరకడిగితే ఊరకనే చూస్తారు"
అని ఐదు రూపాయల స్టాంపు తనే అంటించింది.

ముప్పై దినాలన్నా.
దినానికొక చింతగింజ డబ్బాలో వేసిందంట.
ముప్పై ఒకటోనాడు తెచ్చి బల్లమీద కుమ్మరించింది.
ఇద్దరం లెక్కపెట్టాం.
తప్పు మా లెక్కలో లేదు.

నలభై మూడో గింజకు ఒక కార్డు:
తమరి దరఖాస్తు ఆత్మకూరుకు బదిలీ చేయడమైనది.
ఆత్మకూరు నెల్లూరుకు తోలింది.
నెల్లూరు, ఇది మీ పరిధిలోనిదే కావున అంటా
మళ్ళా ఉదయగిరికే.
"అంత దూరం పొయ్యొచ్చిందా కాగితం?
దాని మోకాళ్ళు బాగుండాయి" అని నవ్వింది.
నేను నవ్వలేకపోయా.

మొదటి అప్పీలు. దానికి డబ్బులు తీసుకోలా.
డబ్బా నిండి గింజలు చాటలోకొచ్చాయి.
కొన్ని ఎలకలు కొరికాయంట.
"ఆ దినాలు జమేనా, కాదా?"
చట్టంలో దానికి సెక్షన్ లేదు.

ఈలోగా కూతురి కొడుకు పెంచలయ్యకు
ముందరి పాలపళ్ళు ఊడి కొత్తవి మొలిచాయి,
అంచున పసుపు చారతో.
జవాబుకంటే అవే ముందొచ్చాయి.

ఎనిమిదో నెల, లావుపాటి కవరు.
చింపబోతే ఆగమని, ముందు తను కూలబడింది.
లోపలంతా మా అర్జీకే జిరాక్సులు.
అడుగున ఒక్క పట్టీ: సంవత్సరం, బోరు, ఫ్లోరైడు.
మొదటి వరసలో ఆరేళ్ళనాటి అంకె, నాలుగు పాయింటు ఒకటి.
దానికింద ఏడాదికో జత చిన్న గీతలు,
గీతలకింద గీతలు,
రబ్బరుస్టాంపు తగిలిందాకా.

"ఇయ్యేంది, పళ్ళమీద చారల మాదిరి?"
"పైదే, అని."
"అంటే?"
"మళ్ళా చూడలేదని. పైనుండేదే అనుకోమని."

చానాసేపు మాట్లాడలా. టీ అంగడి రేడియో వార్తలు చెప్పి ఊరుకుంది.
"నాకు పైదే కాదే, అబ్బయా.
ఆ ఏడు కూర్చోని లేచేదాన్ని.
మరుసటేడు గోడ పట్టుకోని.
ఆ మీద ఈ కర్ర.
ఒక్కేడన్నా పైదే అయ్యుంటే
నీకాడికి ఎందుకొస్తా?"
ఇంకోటి రాయమనింది.

నాకొక నోటుబుక్కుండాది. తేదీ, పేరు, ఊరు, అడిగింది.
ఆమెకొక పేజీ.
తేదీ వేశా. పేరు గడిలో, పైన ఆమె పేరే ఉంది కదాని,
చెయ్యి అలవాటున
ఒక గీత గీసింది.
రెండోది గీయబోతా తలెత్తితే
మనిషంతా నావైపు తిరిగుంది.

గీత కొట్టేసి రాశా:
మలకొండమ్మ. నల్లబండపాలెం. తాగే నీళ్ళు.
ఇంటిపేరు అడిగి అదీ రాశా.
కొంగుముడి విప్పి ఒక గింజ బల్లమీద పెట్టింది.
"ఇది ఈ పొద్దుది."