పదమూడో పేజీ

ఎనుమాముల యార్డుల మిర్చి దిగిందంటే
మా ఇంటి కిటికీ రెక్కలు సుత దగ్గుతయ్.
ఆ ఘాటులనే పుట్టింది మా ఎల్క,
మిర్చి బస్తాల కాపురం పెట్టి
తుమ్ము ఆపుకోలేక సచ్చే ఎల్క.

పేరు నేను పెట్టిన, తుమ్ములయ్య అని.
తోక ఆయన పెట్టిండు.
ముందుగాల పొడుగ్గ,
తెల్లారి చూస్తే సగం కొరికినట్టు పొట్టిగ.
"ఎవరు కొరికిన్రు?" అంటే
"రాసేటోళ్లకు తెల్వాలె గద" అన్నడు.
గట్ల వచ్చింది కథలకు పిల్లి.

పదమూడో పేజీ కాడ పడ్డది పంచాయితి.
ఎల్క గట్టిగ తుమ్మింది.
బస్తాలన్నీ కదిలినయ్.
హమాలీలు ఉలిక్కిపడ్డరు.
మూడు వాక్యాలు, నావి, మూడు రాత్రులవి.
పెన్సిలుతోని మూడింటినీ కొట్టేసి
"బొమ్మల ఉన్నది" అన్నడు.
"బొమ్మల సప్పుడున్నదా?" అన్న.

ఇగ మాటల్లేవ్.
వరంగల్ టేషన్ల గూడ్సు డబ్బాలు
ఒకదాన్నొకటి తగులుకునే సప్పుడు
మా వంటింట్లకు వినవడేటంత.

మాట్లాడింది డమ్మీ పుస్తకమే.
పొద్దుగాల అంగన్‌వాడీకి పోయే ముందు
అంచు మీద రాసిపెట్టిన:
"పప్పు కుక్కర్ల ఉంది. పిల్లికి మీసాలు ఎక్కువైనయ్."
పొద్దూకి వచ్చి చూస్తే
మీసాలు తగ్గినయ్,
పిల్లి ముక్కు మీద నా కళ్లద్దాలున్నయ్.
నవ్వలే నేను. నవ్వొచ్చింది గని.

సారంగపాణి పదిహేడేండ్లు
షట్టర్ల మీద అక్షరాలు రాసిన మనిషి.
ఫెర్టిలైజర్స్ అన్న మాటను
ఆరడుగుల రేకుల ఇరికించగల చెయ్యి.
ఫ్లెక్సీలు వచ్చి ఆ చెయ్యిని
ఇంట్ల కూసోవెట్టినయ్.

నాలుగో రాత్రి మెలకువొస్తే
పక్కల లేడు.
వంటింటి గచ్చు మీద బోర్ల పండుకొని
పదమూడో పేజీల ఒకటే ఒక్క అక్షరం రాస్తున్నడు,
హా.
దాని దీర్ఘం పేజీ అంచు దాకా సాగి
ఇంక ఆగలేక వంగింది.
ఆ వంపులకు బస్తాలు ఒరిగినయ్,
ఓ హమాలీ తలపాగ విప్పుకుంటున్నది.
తిప్పితే, అవతల, ఎర్రగ, పేజీ నిండ
ఛ్.

అది అక్షరమో బొమ్మనో,
అండ్ల నాదెంత ఆయనదెంత
నేనడగలే, ఆయన చెప్పలే.
రెండు గంటల రాత్రి చాయ్ పెట్టిన.

కింది వాటాల తన్విత,
ఐదేండ్లది, చదువ రాదింకా.
మా మెట్ల మీద కూసోని తిప్పుతున్నది.
పిల్లి కాడ నన్ను చూసింది, మల్ల పిల్లిని చూసింది.
పదమూడు కాడ ఆగింది.
ముక్కు పుటాలు లేసినయ్.
నోరు తెరిచింది.
మేమిద్దరం తలుపు సందుల నిలవడి
ఊపిరి పట్టుకున్నం.

పేజీ తిప్పలే.
"ఇయ్యాల కాదు, రేపు తుమ్ముత" అని
పుస్తకం మూసి, సంకల పెట్టుకొని
చెంగున దిగిపోయింది.

ఉన్నది అదొక్కటే డమ్మీ.
పిలుద్దామంటే
ఇద్దరికీ నోరు రాలే.