ఎడమ మార్జిన్

ఎర్ర గీతకి ఎడమపక్క రెండు వేళ్ల వెడల్పు.
అక్కడ లెక్క చెయ్యొద్దు, అన్నాను.
అక్కడ మీతో మీరు మాట్లాడుకోండి.
"ఇక్కడ ఆగాను." "ఇది ఎందుకు రాశానో తెలీదు."
"భయమేసి సూత్రం పట్టుకున్నాను."

జిరోకాస్తర్ ఊరంతా వాలే.
రాతి పలకల కప్పులు, వాటి కింద రాతి మెట్లు, మెట్ల కింద రాతి వీధి.
చలికాలం తడిసిందంటే మా హెడ్మాస్టరంతటివాడు కూడా
గోడ పట్టుకునే నడుస్తాడు.
ఘర్షణ గురించి ఈ పిల్లలకి
కొత్తగా నేను చెప్పేదేం లేదు.
అయినా వాలుతలం లెక్క ఇస్తే చాలు,
కళ్లు మూసుకుని సూత్రాల సంచీలో చెయ్యి పెడతారు.
ఏది తగిలితే అది.

పదిహేనేళ్లు నేనే అలా నేర్పాను.
తడబాటన్నది లేకుండా బోర్డు మీద సుద్దముక్క పరుగెత్తేది,
జవాబు కింద రెండు గీతలు.
ముందురోజు రాత్రి దారిలో నేనెక్కడ తప్పిపోయానో
వాళ్లెప్పుడూ చూళ్లేదు.
ఇప్పుడు పైకే తడుముకుంటాను:
"ముందు బొమ్మ. బండిని ఏది లాగుతోంది, ఏది ఆపుతోంది?
ఆగండాగండి, నాకు తెలిసిందేమిటి, తెలుసనుకుంటున్నదేమిటి?"
వెనక బెంచీలో వ్యొల్ట్సా ఆవులిస్తుంది.
ఆవులించనీ.

నిన్న కట్టెల బండి లెక్క.
కోట కింది వీధి, ఇరవై డిగ్రీల వాలు,
ఘర్షణ లేదనుకుందాం అంటే దానికే నవ్వారు.
బలాలు రాసి, ద్రవ్యరాశి రెండువైపులా కొట్టేసి,
త్వరణం తేల్చి, అలవాటుగా రెండు గీతలు గీశాను.

బెస్మిర్ చెయ్యెత్తాడు. వాడెప్పుడూ ఎత్తడు.
"వాలు తీసేసి చూశాను టీచర్. కోణం సున్నా.
మీ లెక్క ప్రకారం బజారు చదునులో
మా మామయ్య బండి దానంతటదే పరుగెడుతోంది,
కోట గోడ మీంచి పడ్డ రాయంత జోరుగా."

క్లాసు గొల్లుమంది.
సైన్ ఉండాల్సిన చోట కొసైన్.
"కావాలనే రాశాను," అన్నాను, "పట్టుకుంటారా లేదా అని."
అందరూ చప్పట్లు కొట్టారు.
బెస్మిర్ కొట్టలేదు.

రాత్రి దిద్దుతూ వాడి నోట్‌బుక్కు తెరిచాను.
ఎర్ర గీతకి ఎడమపక్క, పెన్సిలుతో, సన్నగా:
"టీచర్ తప్పు అయ్యుండదు. నాదే ఎక్కడో. మళ్లీ.
మళ్లీ. నాలుగోసారీ అదే.
అడగనా?"

మార్కులు వెయ్యలేదు.
నా పాఠాల పుస్తకం తీసి
మార్జిన్లో రాసుకున్నాను:
లెక్కలో కాదు, దాని తర్వాత తప్పాను.
ఎందుకు?

ఇంకా తేలలేదు.
రేపు మొదటి పీరియడు వాళ్లదే.