మూడో ప్లేటు

జుమ్మేరాత్ బజార్‌లో, గురువారం పొద్దున్నే,
తుప్పు తాళాల కుప్పకీ కాలు విరిగిన కుర్చీకీ నడుమ
పుస్తకమనుకొని తెరిచాను.
పేజీలు లేవు. నాలుగు అట్ట సంచులు.
మూడింట్లో మూడు నల్లటి ప్లేట్లు,
మూడో దాంట్లో గాలి.

అట్ట మీద పియానో ముందు ఒక మనిషి.
నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు,
మెడ కింద సీతాకోకచిలుక లాంటి టై,
పళ్ళు కూడా మెట్లంత వరసగా.
అలోషియస్ వాజ్.
సికింద్రాబాద్ డాన్సు హాళ్ళలో అతను వాయిస్తుంటే
బయట టాంగావాళ్ళు కిరాయి వదులుకొని
కిటికీల కింద నిలబడేవారట.
చెప్పినవాడు అమ్మేవాడే, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు.
నేను నమ్మినట్టు కనబడిందేమో,
ఇంకో యాభై ఎక్కువ తీసుకున్నాడు.

చిలకలగూడలో, మా మేడ మీద,
కీ తిప్పి, కొత్త ముల్లు బిగించి పెడితే
ముందు నూనెలో ఆవాల చిటపట.
ఆ పోపు పొగ వెనకనుంచి
చెయ్యి తుడుచుకుంటూ ఎవరో వచ్చినట్టు
పియానో.

ఒక్కటీ అతని సొంత పాట కాదు.
అప్పటికే ఊరందరి నోళ్ళలో నానినవి.
మాటలు అందరికీ వచ్చు కనుక
మాటల్ని ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాడు.
ఎడమ చెయ్యి నెల ఖర్చు లెక్క రాసుకుంటుంటే
కుడి చెయ్యి చిల్లర ఎగరేస్తుంది.
ఏ పాటైనా మూడు నిమిషాలు,
అంతకు మించి ఆ నలుపులో చోటు లేదు.
వీడ్కోలు పాట కూడా చివర్లో
ఆఖరి బస్సు కోసం కాస్త పరిగెత్తుతుంది.

రెండో ప్లేటు వెనక ఒక గీత.
అక్కడికి రాగానే ముల్లు జారి
అవే నాలుగు స్వరాలు, అవే నాలుగు స్వరాలు,
అవే నాలుగు.
"వాన్ని జర ముందట్కి పొమ్మను" అంటుంది మా ఆవిడ వంటింట్లోంచి.
వేలితో తోస్తాను. పోతాడు.

ఖాళీ సంచి లోపల పెన్సిల్‌తో ఉర్దూ రాత.
లాడ్ బజార్‌లో మా ఆవిడకు గాజులు వేసే జమీరున్నీసా బీ
అద్దాలు సవరించుకొని చదివింది:
"ఇది విరిగిన రోజు ఎవరినీ తిట్టలేదు."
అంతే. తారీఖు లేదు, సంతకం లేదు.

తర్వాత ఆమె మొదటి ప్లేటు చేతిలోకి తీసుకుంది.
వినడానికి కాదు, వాసన చూడడానికి.
గోటితో అంచు గీకి నవ్వింది:
"ఇది మా సరుకే కదా భయ్యా."

లక్క.

యుద్ధం రోజుల్లో లక్కకు కరువొచ్చి
వాళ్ళ దాదీ విరిగిన ప్లేట్లు సేర్ల లెక్కన కొనేదట.
బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి
ఉన్న కాస్త మంచి లక్కలో కలిపి
గాజులు తీసేదట. నల్లవి, చవకవి,
పెళ్ళికి పనికిరానివి, రోజువారీకి చెల్లేవి.
అందులోని రాతిపొడికి వేళ్ళు గీసుకుపోయేవి.
అద్దం ముక్కలు మాత్రం గట్టిగా పట్టేవి, అంది.

నాకు నిద్ర పట్టని రాత్రి లెక్క కుదిరింది:
రెండు వైపులు, రెండు చేతులు.
గాజు గాజుల్లా గలగలమనవు లక్కవి,
మొద్దుగా, టక్కుమని.
ఎవరో బియ్యం చెరిగినప్పుడు
ఎవరో పిల్లకు జడ వేసినప్పుడు
ఆ పాట ఎన్నిసార్లు
తన తాళం తప్పిందో.

ఇప్పుడు రెండోది అయ్యాక
వెంటనే నాలుగోది పెట్టను.
ఆరు నిమిషాలు ఆగుతాను.
కింద ఉల్లిగడ్డల బండి మైకు,
పైన ఎవరిదో నీళ్ళ ట్యాంకు పొంగుతున్న చప్పుడు.

నిన్న మా ఆవిడ గడప దగ్గరికొచ్చింది,
చేతిలో సగం ఒలిచిన ఎల్లిగడ్డ.
"బందైందా?"
"లే. మూడోది నడుస్తున్నది."
నా మొహం చూసింది. పెట్టె చూసింది.
స్టూలు లాక్కొని కూర్చొని
చేతులు ఒళ్ళో పెట్టుకొని అడిగింది,
"ఏ దిక్కుది?"