ముందు దిగేవాళ్లం

రాత్రి పదకొండు లోపు పెట్టెలు గుమ్మం బయట పెట్టమన్నారు.
నడవా పొడుగునా పెట్టెలే,
రంగు చీటీలు మెడకి కట్టించుకుని
బడి బస్సు కోసం నిలబడ్డ పిల్లల్లా.
మా గుమ్మం ముందు మాత్రం ఏమీ లేదు.
"నా పెట్టె నేనే మోసుకుంటాను," అన్నాడు ఆరిన్.
నలభై ఏళ్లు ఈ గాల్వెస్టన్ రేవులోనే టగ్గు పడవ మీద
ఊళ్లంతేసి ఓడల్ని ఒడ్డుకి తోసినవాడు,
చక్రాలున్న పెట్టెని ఇంకొకడి చేతికిస్తాడా?

తెల్లవారుజామున మూడున్నరకి
ఇంజిను గొంతు మారింది.
నాకు వినపడలేదు. ఆయనకి వినపడింది.
చీకట్లో లేచి కూర్చుని
"పైలట్ ఎక్కాడు," అన్నాడు,
మా ఇంటి వరండాలోకే ఎవరో వచ్చినట్టు.
చాలాసేపటికి, ఓడ పక్కన చిన్న పడవ ఆనుకున్న అదురు.
అద్దానికి నుదురు ఆనించి కిందికి చూశాడు.
దీపం తప్ప మనిషి కనపడలేదు.
"మెత్తగానే ఆనించాడు. కుర్రాడెవడో.
పరవాలేదు."
ఆ ఆఖరి మాటకి ఆయన చాలా దూరం నడిచి రావాల్సొచ్చింది.

ఆరున్నరకే బయల్దేరాం.
లిఫ్టు తలుపులు తెరుచుకుని,
లోపలి జనం మమ్మల్ని చూసి నేల చూపులు చూస్తే,
మళ్లీ మూసుకున్నాయి.
తొమ్మిదో అంతస్తు నుంచి మూడుకి మెట్ల మీదే.
మెట్టుకో దెబ్బ పెట్టె చక్రానికి,
మెట్టుకో దెబ్బ ఆయన మోకాలికి.
ఆరో అంతస్తులో నేను పెట్టె మీద కూలబడ్డాను.
వారం రోజులు మా పక్కలు సర్దిన రోడెల్
కొత్తగా వచ్చేవాళ్ల దుప్పట్లు మోస్తూ ఎదురయ్యాడు.
నిన్నటి మాకు తువ్వాలుతో ఏనుగు చేసినవాడు.
ఇవాళ్టి ఏనుగు ఇంకెవరికో.
"ఇలా ఇవ్వండమ్మా," అని చెయ్యి చాచాడు.
ఆరిన్ తల అడ్డంగా ఊపాడు.
నేను ఆ చెయ్యి పట్టుకుని లేచాను.
పెట్టె ఇవ్వలేదు, చెయ్యిని ఊరికే పోనివ్వనూ లేదు.

దిగే దారి దగ్గర కార్డు ఆఖరిసారి టింగుమంది.
ఇక మేము వాళ్ల లెక్కలో లేము.
అందరికన్నా ముందున్నాం, నూనె వాసన, రొయ్యల వాసన,
స్తంభానికొక గూడబాతు.
ఆరిన్ వెనక్కి చూసి నవ్వబోయాడు.

అప్పుడొచ్చింది కుక్క.
పొట్టి కాళ్లు, వేలాడే చెవులు, ఆకుపచ్చ కోటు.
మా పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి
బుద్ధిగా కూర్చుంది.
"ఈ పెట్టె ఎవరు సర్దారు?" అడిగింది ఆఫీసరు ట్రెవీనో.
ఆయన నోరు తెరిచాడు, మూశాడు,
నా వైపు చూశాడు.
మోసింది ఆయన. సర్దింది నేను.
చొక్కాల కింద, మేజోళ్ల మధ్య
ఒక నారింజ పండు.
దొంగతనం కాదమ్మా, అన్నాను,
నలభై ఏళ్లు ఆయన డబ్బాలో రోజుకొకటి పెట్టాను,
రాత్రి నిద్రమత్తులో చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.
ఆమె నవ్వింది గానీ కాగితం మాత్రం నింపింది.

గోడ వారగా నిలబెట్టారు మమ్మల్ని.
పసుపు చీటీల వాళ్లు వెళ్లారు, నీలం చీటీల వాళ్లు వెళ్లారు,
మా భోజనాల బల్ల మీది హాల్వర్సన్ దంపతులు
చేతులూపుకుంటూ, కడుపునిండా తిని,
"మీరు తెల్లారే వెళ్లిపోయారనుకున్నామే వెల్డా!" అంటూ వెళ్లారు.
పండు పీపాలో పడ్డ చప్పుడు చిన్నది.
కుక్కకి ఒక బిస్కెట్టు దొరికింది.

తొమ్మిదిన్నరకి ట్రక్కులో కూర్చున్నాం.
ఆయన తాళం తిప్పలేదు.
ఇంటికెళ్లి చెయ్యాల్సిందల్లా గడ్డి కొయ్యడం,
అదీ తడారాక.
రేవులోంచి టగ్గు ఒకటి ఖాళీగా వెనుదిరుగుతోంది.
"ఒలిచి పెట్టాల్సింది," అన్నాడు,
"ఓడ మీదే తినేసేవాణ్ణి."
అరచేతిలో పిడి ఒత్తిన ఎర్ర గీత
నా వైపు చాచి చూపించాడు,
ఏదో నేనే పెట్టించినట్టు.