మినహా

కుప్పం రైలు కంటోన్మెంటు చేరేసరికి
నా జడలో పూలు సగం వాడిపోయి ఉంటాయి.
గుడుపల్లె దాటాక ఎక్కడో
రాష్ట్రం మారుతుంది.
ఎవరూ లేచి నిలబడరు, ఎవరూ కాగితం అడగరు.
ఎదురు సీటు ఆవిడ బఠాణీలు ఆంధ్రాలో నోట్లో వేసుకుని
కర్ణాటకలో మింగుతుంది.

యూనివర్సిటీ, రెండో అంతస్తు, ఫీజుల సెక్షను, నాలుగో బల్ల.
పదకొండేళ్ళుగా ఔట్‌సోర్సింగు మీద.
అంటే బల్ల వాళ్ళది, కుర్చీ వాళ్ళది,
కుర్చీకి వేలాడే తువ్వాలు నాది.

జూలైలో విదేశీ పిల్లల అర్జీలు వస్తాయి.
ఈసారి నలభై ఒకటి.
మాఫీలు ఆరు.

చిసోమో బండా. మలావి. ఎమ్మెస్సీ బాటనీ, రెండో ఏడు.
తండ్రి తేయాకు తోటలో తూకం గుమాస్తా.
ఆయన ఆదాయం క్వాచాల్లో రాసి ఉంది,
నేను రూపాయల్లోకి మార్చాలి,
ఫీజు మాత్రం మేం డాలర్లలో అడుగుతాం.
అర్జీ పెట్టిన రోజుకూ ఫైలు కదిలిన రోజుకూ నడుమ
వాళ్ళ డబ్బు పడిపోయింది.
అక్కడ తూకం రాయి మారలేదు, ఆయన జీతమూ మారలేదు,
నా క్యాలిక్యులేటర్లో మాత్రం
పదిహేను రోజుల్లో మనిషి మూడోవంతు చిక్కిపోయాడు.

"ఈ ముద్రలో ఏముంది మేడమ్?" అంది ఒకరోజు.
శుల్క వినాయితి, అన్నాను.
నోరు తిరగలేదు. మీ భాషలో చెప్పండి, అంది.
మినహాయింపు.
అదింకా తిరగలేదు. ఇద్దరం నవ్వాం.

నవ్వాక నాకే అనుమానం పట్టుకుంది.
అందర్నీ భోజనానికి పిలిచారు, నిన్ను మినహా
అంటే ఆ రాత్రి నిద్ర పట్టదు.
అందరూ డబ్బు కట్టాలి, నువ్వు మినహా
అంటే స్వీట్లు పంచుతాం.
గుమ్మం అవతలే నిలబెట్టిన మాట
లోపలికి రమ్మని చాప ఎలా పరుస్తుంది?

నాకు అది మొదటి రకంగానే పరిచయం.
పద్దెనిమిదేళ్ళప్పుడు ఇదే మేడలో, కింది కౌంటర్లో,
"హొర రాజ్య" అన్న గడిలో నాకు టిక్కు పెట్టారు.
ఫీజు మూడింతలు.
బీఎస్సీ అక్కడే వదిలేసి టైపు నేర్చుకున్నాను.
ఆ వేళ్ళే ఇప్పుడు
బ్లాంటైర్, దుషాంబే, జుబా అని కొడుతున్నాయి,
తప్పు పోకుండా.

నాకు సంతకం లేదు. పచ్చ సిరా లేదు.
కమిటీకి కట్ట పంపేటప్పుడు
ఏది పైన, ఏది కింద,
అదొక్కటే నా చేతిలో పని.
పైవి కాఫీ రాకముందు చూస్తారు, నిదానంగా,
అడుగువి భోజనం వేళ దాటాక.
ఇది ఏ సర్క్యులర్లోనూ లేదు.

చిసోమో ఫైలు అన్నిటికన్నా పైన పెట్టి
దారం రెండు ముళ్ళు వేశాను.

వచ్చింది. ఆరులో రెండోది.
ట్యూషను ఒక్కటే మాఫీ. పరీక్ష ఫీజు, ల్యాబు, హాస్టలు,
ఇంకా పేరు తెలియని ఒక "ఇతరములు"
కట్టాల్సిందే.
అయినా మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది,
నా బల్ల మీద ఒక పొట్లం పెట్టింది.
నాన్న పంపాడట, తేయాకు.
"తూకం వెయ్యలేదు," అంది.

సాయంత్రం రైల్లో సంచి నిండా ఆ వాసన.
బంగారుపేట దాటింది.
పైన పెట్టాను సరే,
దేని మీద పెట్టాను?

తజికిస్తాన్ అబ్బాయి.
వరసలో ముందు వచ్చింది అతని అర్జీయే.
ఫోటో జిరాక్సులో నల్లబడి
రెండు చెవులు మాత్రం మిగిలాయి.
ఇంటిపేరులో రెండు ఖలు ఉన్నాయి,
మూడుసార్లు తప్పుకొట్టి మూడుసార్లు దిద్దాను,
అయినా ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.

ఎదురు సీటు ఆవిడ బఠాణీలు చాపింది.
వద్దన్నాను.
కిటికీ బయట చీకట్లో ఎక్కడో
రాష్ట్రం మారి ఉంటుంది.