గ్లౌజుల నెక్క

నాకు మాటాడ్డం రాదు, ప్రెసిడెంటు బాబూ.
జీడిపిక్కలు కొట్టడం వచ్చు.
పలాసలో పొద్దున్న ఏడింటికి కూకుంటే
కాశీబుగ్గ దీపాలెలిగేదాకా
గుండు ఒకేపు, బద్ద ఒకేపు, ముక్క ఇంకోపు.
కళ్లు మూసుకున్నా సెప్తాయి నా ఏళ్లు,
ఏది ఏదో.

అందుకే మీవోళ్లు పిల్లల్ని ఏరతన్నప్పుడు
రైలు గట్టు మీద కూకుని సూసినాను.
లోకనాథం గారి మేనకోడలు
బంతొస్తే మొకం తిప్పుకుంతాది.
పాపం, దాని తప్పేటి?
దానికి ఎండంటే భయం, బంతంటే భయం,
అన్నిటికన్నా మావయ్యంటే భయం.
గోలు కాడ దాన్ని నిలబెట్టినారు.
మా కుసుమ నీళ్ల డబ్బా కాడ నిలబడింది.

సరే, అదొగ్గేద్దాం. ఆటన్నాక ఒకలు లోపల, ఒకలు బయట.

జూన్‌లో గ్లౌజులకని ఆరొందలు కట్టినాను.
మీకు అది రెండు నోట్లు.
నాకు ఇరవై నాలుగు కేజీల పప్పు.
సోంపేట ఎళ్లొచ్చినారు, రాజాం ఎళ్లొచ్చినారు,
గ్లౌజులు మాత్రం ఇశాపట్నంలో ఇంకా బయలెల్లనేదు.
నాకేటీ కొత్త కాదు.
మా సేటు కూడా రేపొస్తాయంటాడు గ్లౌజులు,
పదకొండేళ్లై.
ఆముదం, బూడిద రాసుకుని కొడతన్నాం.
మా గుంట మేస్త్రీ పారేసిన తొడుగులేసుకుని
ప్రాక్టీసు సేత్తంది,
ఎడమ దానికి బొటనేలు నేదు.

కోచ్ బాబు ఢిల్లేసు మీద మొదట నాకు మా సెడ్డ కోపం.
కడుపునొప్పన్న పిల్లని పది రౌండ్లు తిప్పినాడు.
ఏ నొప్పో అడగడు, అడిగినా అది సెప్పదు.
అంత పెద్ద మైదానంలో
సెప్పుకోడానికి ఒక్క ఆడమనిషి నేదు.
తరవాత తెలిసింది,
ఆ బాబుకీ అయిదు నెలలై జీతం నేదట,
బంతికి పంచరేస్తే సొంత డబ్బులట.
కోపం పోనేదు గానీ
ఎటు తిప్పాలో తెలీక నా కాడే ఉండిపోయింది.

టీ కొట్టు కాడ రాత్రుళ్లు అందరం గుసగుసలే.
‘నువ్వడుగు, నీకు నోరుంది’ అంటాడు ఆటో గున్నేసు.
‘నాను రైల్వేవోడిని, నాకొద్దు’ జోగారావు.
‘మా దాన్ని తీసేస్తే?’ అంటాది బైరాగమ్మ,
గలాసు కిందెట్టకుండా.
అందరిదీ అదే భయం.
ఆ భయాన్నే ఈలకి కట్టి
మీరు మెళ్లో ఏసుకు తిరుగుతన్నారు.

‘అడక్కమ్మా, నన్ను తీసేస్తారు’ అని
మూడ్రోజులు అన్నం కాడ ఏడ్సింది కుసుమ.
నాలుగో రోజు అదే
తపేలా మూత కాయితం మీద బోర్లించి
సుట్టూ గీత గీసినాది.
‘గుండ్రంగా పెట్టండి సంతకాలు,
మొదట ఎవరు పెట్టినారో తెలీదు’ అంది.
ఎవరు నేర్పినారో దానికి.

నా ఏలిముద్ర పడదు బాబూ.
జీడిపాలు గీతల్ని తినేసినాయి,
రేషను మిషను కూడా నన్ను గుర్తుపట్టదు.
అందుకని సంతకం నేర్సుకున్నాను,
త ఒక రాత్రి, వి ఒక రాత్రి,
ట కింద మ వత్తుకి బదులు ట వత్తు పడితే
నవ్వి నవ్వి పడింది కుసుమ.
పదిహేడు పేర్లున్నాయి ఆ కాయితంలో.
మొదటిది ఎవరిదని అడక్కండి.
అడిగితే మాత్రం, నాదే.

ఆదివారం నెక్కల పుస్తకం తెండి.
కుసుమ సదువుతాది, మావు ఇంటాం.
ఎండెక్కకముందే రండి, ఆ రోజు ఆట ఉంది.

ఇంకోటి మర్సిపోయాను.
జూన్‌లో అయిదో నెంబరు అని రాయించినాను గదా,
అది కొట్టేసి ఆరు రాసుకోండి.
ఈలోగా
సేతులు పెరిగిపోనాయి.