గది చప్పుడు

గ్రంథాలయం కింది అంతస్తులో, లిఫ్టు పక్కన
నా కిటికీ.
పుస్తకాలు పైన. నా దగ్గర వైర్లు.
రికార్డర్లు ఏడు, కెమెరాలు నాలుగు,
ఒక కాలు జారిపోయే స్టాండు ఒకటి.
దానికి రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తాను,
పిల్లలు దాన్ని తాత అంటారు.
గడువు మూడు రోజులు. దాటితే రోజుకి ఐదు రూపాయలు.

ఇరవై రెండేళ్ళుగా చెన్నైలో
నా ఉద్యోగం తమిళంలోనే జరుగుతోంది.
టిఫిన్ డబ్బానైనా మధ్యాహ్నం తెరుస్తాను,
తెలుగుని రాత్రి ఇంటికెళ్ళాకే.

పి. మెర్లిన్, మాస్ కమ్యూనికేషన్ రెండో ఏడు.
ఫారంలో ప్రాజెక్టు విషయం అన్న గడిలో
"మా అవ్వ" అని రాసి, కొట్టేసి,
"పారిశుధ్య కార్మికుల మౌఖిక చరిత్ర" అని రాసింది.
కొట్టేసిందే నాకు బాగా కనిపించింది.

కాలరు మైకు తగిలించడం చూపించాను.
గాలికి తొడిగే బొచ్చు టోపీ ఇచ్చాను.
"మాటలన్నీ అయ్యాక, ఎవ్వరూ పలక్కుండా
అర నిమిషం ఊరికే రికార్డు చెయ్యి.
ప్రతి గదికీ ఒక చప్పుడుంటుంది,
రేపు అతుకులు కప్పేది అదే" అన్నాను.
నవ్వింది. "మా ఇంట్లో అర నిమిషమా సార్?
పక్కింటి మిక్సీని ఎవరాపుతారు?"

పైన గోడ మీద నిశ్శబ్దం అని రెండు భాషల్లో బోర్డు.
కింద మేం చప్పుడు అప్పిస్తాం.

ఐదో రోజు వచ్చింది, పది రూపాయలు కట్టింది.
బొచ్చు టోపీలో చీపురు పుల్ల ముక్క ఇరుక్కుని ఉంది.
కార్డు చెరిపే ముందు ఒకసారి వినాలి, అది నియమం.
స్పాంజి రాలే హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకున్నాను.

"యాడ పెట్టావే ఈ పురుగుని?
మైకంటే ఓట్లోళ్ళది గదా, ఆటో మీద ఉంటాది,
ఇదేంది, సెనిగ్గింజంత ఉండాది!"

లిఫ్టు తెరుచుకుంది, మూసుకుంది.
ఎవరో గుర్తింపు కార్డు చాపి నిలబడ్డారు.
నేను చూడలేదు.

పెంచలమ్మ. మింటు వీధిలో ముప్పై ఒక్క ఏళ్ళు.
పొద్దున నాలుక్కి హాజరు.
"కసువు చూసి ఇల్లు చెప్పేదాన్ని అప్పట్లో.
ఎవురింట్లో పెండ్లి, ఎవురు కడుపుతో ఉండారు,
ఏ పిలగాడు దొంగతనంగా సిగరెట్టు తాగతా ఉండాడు...
ఇప్పుడంతా నల్ల కవర్లో ముడేసి పారేస్తా ఉండారు.
ఏం జదివేది?"

అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాను.
నా నెత్తి మీద మూడంతస్తుల నిండా
చదువుకునేవాళ్ళు.

మెర్లిన్‌కి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు.
సబ్‌టైటిళ్ళు వెయ్యాలంటే ముందు మాట కాగితం మీదికి రావాలి.
ఆరు దాటాక షట్టరు సగం దించి
నాలుగు సాయంత్రాలు నేనే రాశాను.
"ఉండాది"ని "ఉంది" చెయ్యబోయాను రెండుసార్లు,
రెండుసార్లూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
మా అమ్మ కూడా ఉండాది అనేది.
ఉద్యోగం వచ్చిన కొత్తలో నేనే దిద్దాను ఆమెను,
ఒక పెళ్ళి పందిట్లో, నలుగురూ వింటుండగా.
ఆ పూటంతా ఆమె మళ్ళీ నోరు విప్పలేదు.

సినిమా పదకొండు నిమిషాలు తేలింది.
జాబితాలో చేర్చాలి. శీర్షిక, భాష, కర్త.
కర్త దగ్గర తన పేరు వద్దంది ఆ పిల్ల,
కూర్పు దగ్గర చాలంది.
కర్త: పెంచలమ్మ.
ఇన్షియలు ఏదని పైనుంచి ఫోను.
లేదన్నాను. ఆమెకి మస్టరు రోల్లో
ఒక నంబరు మాత్రం ఉండేదట,
అది మేం రాయలేదు.

కార్డులో చివరి ఫైలు ఇంకా చెరపలేదు.
రేపు ఆ రికార్డరు క్రికెట్ కబుర్లు చెప్పే కుర్రాడికి వెళ్ళాలి.
అర నిమిషం. మిక్సీ లేదు, ఏ దేవుడాపాడో.
ఫ్యాను. కుళాయి కింద బిందె నిండుతున్న శబ్దం.
దూరంగా వంతెన మీద రైలు.
ఊపిరి బిగబట్టిన ఒక ముసలి గొంతు,
ఇక పట్టలేక,
"అయిపొయ్యిందా మే?"